సొరచేపల ఫిల్టరుకు దసరా పూజ

దివాకర్ నా దుకాణానికి వచ్చి అడిగింది ఈతకొలనుకు పెట్టే ఇసుక ఫిల్టరు. నా దగ్గర ఉంది. ఇసుకతో సహా ఇచ్చి, మనిషిని పంపి బిగింపిస్తే ఒక పూట పని. నల్గొండ బస్టాండు వెనక ముప్పై ఒక్క ఏళ్లుగా మోటార్లూ పైపులూ అమ్ముతున్నాను. గిరాకీ అడిగింది ఇవ్వడమే తప్ప, ఎందుకని ఆరా తీయడం నా అలవాటు కాదు. పైగా దేవరకొండ రోడ్డులో ఉన్న దివాకర్ రాతి క్రషరులో తిరిగే నీటి మోటార్లన్నీ నేను ఇచ్చినవే. అలాంటి మనిషిని అసలే అడగను.

అప్పుడే మా కోడలు నిరోష అన్నం డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"సార్, గా కొలన్ల ఎవరు ఈత కొడ్తరు?" అని అడిగింది.

"నేనైతే కాదమ్మా. సొరచేపలు," అన్నాడు దివాకర్. ఫోను తీసి వీడియో చూపించాడు. దుబాయిలో ఏదో హోటల్లో తీశాడట. "భయపడకు, చిన్నయే. ఎంత పెరిగినా గజం దాటయంట. చెన్నైల పిల్లలను పెంచి అమ్ముతున్నరు. మూడు చెప్పి పెట్టిన. ఫారంహౌస్‌ల షెడ్డు ఏసి తొట్టి కట్టిస్తున్న."

"ఇసుక ఫిల్టరు ఒక్కటే పెడితే వారంల మూడూ సస్తయ్ సార్."

నేను ఆమె వైపు గుడ్లురిమి చూశాను. అమ్ముడుపోయే సరుకును కౌంటరు దగ్గర ఆపేసిన మనిషి మా దుకాణంలో అంతకుముందు లేదు. ఆమె నా చూపు పట్టించుకోలేదు. బిల్లు బుక్కులోంచి ఒక కాగితం చింపి, వెనక వైపు గీతలు గీస్తూ అరగంట చెప్పింది. నా అన్నం చల్లారింది. దివాకర్ లేస్తూ, "పరశురాములన్నా, నీ కోడలు చెప్పినట్లే చెయ్యి," అని పోయాడు.

నిరోషకు మా సతీశ్‌తో పెళ్లయి రెండేళ్లు. అంతకుముందు చేపల పెంపకంలో డిప్లొమా చేసి, హైదరాబాదులో ఒక అక్వేరియం దుకాణంలో మూడేళ్లు పనిచేసింది. మా ఇంటికి వచ్చిన మొదటి నెల నుంచీ ఒకటే అడుగుతోంది. దుకాణంలో సగం జాగా ఇస్తే అక్వేరియాలూ, చేపల తొట్లకు ఫిల్టర్లూ పెడతానని. నేను ఔననలేదు, కాదనలేదు. తేలని బేరాన్ని నానబెట్టడం నాకు తెలిసిన విద్య.

ఆ రోజు తేల్చాను.

"సరే బిడ్డా. ఈ పని నీది. దీపావళి దాక మూడు చేపలూ బతికుంటే దుకాణంల కుడిదిక్కు నీకు. సచ్చినయనుకో, మల్ల ఆ మాట ఎత్తొద్దు."

"బతుకుతయ్ మామా. కని నాదీ ఒక షరతు. ఫిల్టరు కాడ నేను చెప్పిందే నడవాలె. మీరు చెప్పింది గాదు."

"నడవనీ," అన్నాను. అప్పటికి అది పెద్ద మాట అనిపించలేదు.

తొట్టి పదహారు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నీళ్లు రెండున్నర అడుగులు. నాలుగు వందల ఘనపుటడుగులు. అంటే పదకొండు వేల మూడు వందల లీటర్లు. ఇంతవరకు లెక్క నాది. తర్వాత లెక్కంతా ఆమెది. లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పు పడాలి. మొత్తం నాలుగు క్వింటాళ్లు. గొర్రెల మందలకు పెట్టే కల్లుప్పు బస్తాలు మా వీధిలోనే దొరుకుతాయి, ఎనిమిది బస్తాలు వేయిద్దాం అన్నాను. ఆమె నవ్వి, అది వంటకు ఉప్పు, సముద్రానికి కాదు అంది. సముద్రంలో ఏమేమి ఉంటాయో అన్నీ కలిపిన పొడి డబ్బాల్లో వస్తుందట. తెప్పించాం.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. మా జిల్లా ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి వంగిన నడుములు నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా మేనమామ అరవై ఏళ్లకే కాళ్లు ముడవలేక, మంచం మీద నుంచి కిందికి దిగేవాడు కాదు. ఆ బోరు నీళ్లనే పెద్ద ఆర్వో మిషన్లో పోసి, లీటరుకు రెండు లీటర్లు పారబోసి, ఆ మిగిలిన లీటర్లో ఉప్పు కలిపి సముద్రం చేశాం. పారబోసిన నీళ్లను దివాకర్ క్రషరు దుమ్ము మీద చల్లించాడు. ఏదీ వృథా పోలేదు కాబట్టి నేను ఏమీ అనలేదు.

ఇక మోటార్లు. నా దుకాణంలో మంచి మోటారు అంటే లోపల ఇత్తడి రెక్క ఉన్నదే. ఫుట్‌వాల్వు ఇత్తడిదే. నిరోష ఒక్కటి కూడా పనికిరాదంది. రాగి గాని, ఇత్తడి గాని రవ్వంత నీళ్లలో కరిగినా ఈ చేపలు బతకవట. నా సరుకు పక్కన పెట్టి, ప్లాస్టిక్ మోటార్లు పరాయి దుకాణం నుంచి తెచ్చి నేనే బిగించాను. తొట్టి నీళ్లన్నీ గంటకు రెండుసార్లు ఫిల్టరు గుండా తిరిగి రావాలి. ముందు మూడు గుడ్డ సంచుల్లో చెత్త ఆగుతుంది. తర్వాత నిలువు గొట్టంలో బుడగలు లేచి, చేపల జిడ్డును నురుగుగా పైకి తోసి గిన్నెలో పడేస్తాయి. చివర మనిషెత్తు డ్రమ్ములు రెండు. వాటినిండా ముళ్ల ముళ్ల ప్లాస్టిక్ ఉండలు. నీళ్లు వాటి మీద వాన పడ్డట్టు పడి కిందికి జారతాయి. ఎండాకాలానికి నీళ్లు చల్లబరిచే మిషను, కరెంటు పోతే అందుకునే జనరేటరు సరేసరి.

"ఈ ఉండలు ఏం జేస్తయ్?" అని అడిగాను.

"ఉండలు ఏం జెయ్యయ్ మామా. వాటి మీద పుట్టే పురుగులు చేస్తయ్. కంటికి కనబడయ్. చేప ఉచ్చలో ఉన్న విషాన్ని అవి తింటయ్. అవి పుట్టనీకె నలభై రోజులు పడ్తది. అప్పటిదాక చేప దింపొద్దు."

నలభై రోజులు ఉత్త నీళ్లు తిప్పడం అంటే దివాకర్‌కు తిక్క రేగింది. ఫోన్ల మీద ఫోన్లు. "అన్నా, చేపలు లేని తొట్టికి నెల కరెంటు బిల్లు కడ్తున్న. మా బావమరిది నవ్వుతుండు." గిరాకీని ఆపడం నాకు వచ్చిన పని కాబట్టి నేనే మాట్లాడాను. "సార్, మీరు అయ్యప్ప మాల ఏసినప్పుడు మండలం చేసిండ్రా లేదా? మధ్యల ఎవడన్న ఇరుముడి కడ్తడా? తొట్టి కూడ దీక్షల ఉన్నది అనుకోండ్రి." దివాకర్ పదకొండుసార్లు శబరిమల పోయినవాడు. మళ్లీ ఫోన్ చేయలేదు.

నిరోష వారానికి రెండుసార్లు సతీశ్ బండి మీద వచ్చి, గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి మందు చుక్కలు వేసి చూసేది. ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు, పసుపుపచ్చగా ఉంటే లేనట్టు. ముప్పై తొమ్మిదో రోజు పసుపుపచ్చ వచ్చింది. ఇంకో వారం చూసి, సెప్టెంబరు మొదట్లో చేపలు దింపింది. మూడు, మూరెడేసి. ఒంటి మీద చారలు. అడుగున పిల్లికూనల్లా పడుకుని, సాయంత్రమైతే ఇటూ అటూ మెసిలేవి.

చూడడానికి వచ్చిన దివాకర్ బావమరిది, "ఇది సొరచేపనా బావా? పెద్ద బల్లి లెక్కుంది," అన్నాడు. "వేలు పెట్టి చూడరాదు," అన్నాడు దివాకర్. అతను పెట్టలేదు.

ఫారంహౌస్ కాపలాదారు బక్కయ్య మాత్రం వాటిని ప్రాణంగా చూసుకున్నాడు. వారానికి మూడుసార్లు కొలిచి రొయ్యలు వేసేవాడు. చుక్కల పరీక్ష కూడా నేర్చుకున్నాడు.

ఇక నా అలవాటొకటి చెప్పాలి. పెద్ద గిరాకీలకు నేను బిగించిన మోటారుకు మొదటి దసరా పూజ నేనే పోయి చేస్తాను. పండుగకు ముందురోజు పోయి, మోటారు ఆపి, గ్రీజు మరకలు గీకి, కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి వస్తాను. ముప్పై ఏళ్లలో ఒక్క గిరాకీ కూడా దీని వల్ల నా చేయి దాటిపోలేదు. కడిగిన మోటారును చూస్తే మనిషికి నమ్మకం కలుగుతుంది.

నిరోష బతుకమ్మకు తల్లిగారింటికి ఆత్మకూర్ పోయింది. పోయేముందు నాతో, "మోటార్లకు బొట్టు పెట్టుండ్రి మామా. కని డ్రమ్ములు ఇప్పకుండ్రి," అని చెప్పింది. సరేనన్నాను.

ఫారంహౌస్‌కు పోయి రెండు మోటార్లూ కడిగాను. నురుగు గిన్నె కడిగాను. డ్రమ్ము మూత ఎత్తి చూశాను. చూడకుండా ఉండాల్సింది. తెల్లగా నా చేత్తో నింపిన ఉండలు గోధుమరంగు జిగురు పట్టి, మోరిలోంచి తీసినట్టు ఉన్నాయి.

"ఇదేంది సేటు, గిట్ల పాచి పట్టింది?" అన్నాడు బక్కయ్య.

"నిరోష ముట్టొద్దన్నది."

"పండుగ పూట గింత మురికి ఉంచుతమా? చిన్నమ్మ వచ్చేసరికి తెల్లగ చేసి పెడదాం. సంబురపడ్తది."

నలభై రోజుల లెక్క నాకు తెలియక కాదు. కానీ అది చెవితో విన్న మాట. మురికి ఉన్న యంత్రం చెడిపోతుందన్నది ముప్పై ఏళ్లు చేత్తో నేర్చుకున్న మాట. చెయ్యే గెలిచింది. ఒక డ్రమ్ములో సగం కడిగి ఆపుదామనుకున్నాను. తెల్లబడ్డవీ మురికివీ పక్కపక్కన చూశాక ఆగలేకపోయాను. రెండు డ్రమ్ములూ ఖాళీ చేసి, మిషన్ భగీరథ నల్లా నీళ్లతో బ్రష్ పెట్టి తోమి, టార్పాలిన్ పరదా పరిచి రెండు గంటలు ఎండలో ఆరబోశాం. మళ్లీ నింపి, పసుపు పూసి, డ్రమ్ముకు మూడు బొట్లు పెట్టి, మోటారు వేశాను. నీళ్లు గలగలా వచ్చాయి. బక్కయ్య దండం పెట్టాడు.

దసరా అయిన రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి బక్కయ్య ఫోన్ చేశాడు. "సేటు, చేపలు ఎగపోస్తున్నయ్. చిన్నది ఎల్లెల్కల పడ్తున్నది." పండుగని వాటికి రెండింతలు రొయ్యలు కూడా వేశాడట.

నేను పోయేలోపు దారిలోనే నిరోషకు ఫోన్ చేశాను. ఏమైంది మామా అని అడిగింది. నోటికి వచ్చింది చెప్పాను.

"రాత్రి కరెంటు పోయినట్టున్నది బిడ్డా. జనరేటరు అందుకోలె."

"అయితే నీళ్లల్ల బుడగలు ఊదే గాలి మోటార్లు అన్నీ వెయ్యిండ్రి. గంట రెండు గంటల్ల తేరుకుంటయ్. అంతకంటే ఏం వద్దు."

ఆమె చెప్పినట్టే చేసి కూర్చున్నాను. మోటారు చెడిపోతే, గిరాకీ ఎదుట ముందుగా నెపం కరెంటు మీద వేయడం మా వ్యాపారంలో అందరూ చేసేదే. ఓల్టేజీ అంటాం, లైన్‌మన్ అంటాం. దానివల్ల మోటారుకు వచ్చే నష్టం లేదు, అది ఎట్లాగూ చచ్చిందే. ఇక్కడ సంగతి అది కాదని నాకు తట్టడానికి రెండు గంటలు పట్టింది. పదకొండింటికి చిన్న చేప కదలడం మానేసింది. నిరోషే మళ్లీ ఫోన్ చేసి చుక్కలు వేయమంది. వేశాను. గొట్టం తుమ్మాకు రంగుకు తిరిగింది.

"ఏం రంగు మామా?"

"పచ్చ. ముదురు పచ్చ."

"ఒక రాత్రి కరెంటు పోతే గంత పచ్చ రాదు. డ్రమ్ములు ఇప్పిండ్రా?"

"ఇప్పిన బిడ్డా. కడిగిన. ఎండకు ఆరబోసిన. కరెంటు పోలె."

తిట్టలేదు. తిట్టడానికి సమయం లేదు. "అలమార్ల తెల్ల డబ్బా ఉన్నది, విషాన్ని కట్టేసే పొడి. రెండు గిన్నెలు నీళ్లల్ల కలిపి పొయ్యిండ్రి. మేత బంద్. కలిపి పెట్టిన ఉప్పునీళ్లు మూడు వేల లీటర్లు టాంకీల ఉన్నయ్. బక్కయ్య తాతను అంత పాతనీళ్లు తీసి అవి పొయ్యమనుండ్రి. మీరు కారు తీస్కొని హైదరాబాదు పోండ్రి. మా పాత దుకాణంల చెప్త, రెండు బస్తాలు పాత ఉండలు ఇస్తరు. మంచిగ జిగురు పట్టినయ్. కడగకుండ తేవాలె."

ఆ చివరి మాట ఆమె నన్ను దెప్పడానికి అనలేదు. అయినా తగలాల్సిన చోట తగిలింది.

ఆ టాంకీ నీళ్లను ఊరికే నిలవ పెట్టిందని నెలరోజులుగా సణిగినవాణ్ని నేనే. నూరు కిలోమీటర్లు పోయి, బస్తాలు వెనక సీట్లో పెట్టుకుని వచ్చాను. ఎండ తగలకూడదు, గాలి తగలాలి, తడి ఆరకూడదు. అందుకని తడి గోనె కప్పి, అద్దాలు దించి, నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి ఆపి మళ్లీ ఉప్పునీళ్లు చల్లాను. చంటిపిల్లను తెచ్చినంత భద్రంగా మురికి తెచ్చాను. కారు వారం రోజులు కంపు కొట్టింది.

నేను చేరేసరికి నాలుగైంది. నిరోష అప్పటికే తమ్ముడి బండి మీద కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వచ్చి, పండుగ చీర కుచ్చిళ్లు ఎగదోపి డ్రమ్ములో చేతులు పెట్టి ఉంది. చచ్చిన చేపను గోనెలో చుట్టి పక్కన పెట్టారు. మిగిలిన రెండూ అడుగున పడుకుని మొప్పలు కొట్టుకుంటున్నాయి. పొద్దున ఆ రెండు గంటలు దొరికి ఉంటే ఆ మూడోది బతికేదా లేదా అన్నది నిరోష ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నేను తెచ్చిన ఉండలు ఆమె డ్రమ్ములో సర్దుతుండగా దివాకర్ వచ్చాడు. బక్కయ్య ఫోన్ చేశాడట, చేప చచ్చిందని మాత్రమే. దివాకర్ గోనె విప్పి చూశాడు. తర్వాత నిరోష మీద పడ్డాడు.

"ఏందమ్మా ఇది? నలభై రోజులు దీక్ష అన్నరు, ఊకున్న. ఇన్ని మిషన్లు పెట్టిచ్చిండ్రు, పెట్టిన. తీరా నువ్వు తల్లిగారింటికి పోయి బతుకమ్మ ఆడుకుంటున్నవా? జీవాలను గిట్ల ఇడిసిపెట్టి పోతరా? చేతగాకపోతే ముందే చెప్పాలె."

బక్కయ్య నేల చూశాడు. నిరోష డ్రమ్ములోంచి చేయి తీయలేదు. నా వైపు కూడా చూడలేదు. "ఇంక రెండు ఉన్నయ్ సార్. అవి దక్కుతయ్," అని మాత్రం అంది. ఇంటి పెద్ద పేరు పరాయివాడి ముందు ఎత్తదు. ఎత్తదని నాకు తెలుసు.

నేను ఊరుకుంటే క్రషరు మోటార్ల గిరాకీ నాకు ఉంటుంది. పరశురాములు బిగిస్తే తిరుగుండదన్న మాట నిలబడుతుంది. ఒక చిన్న పిల్లకు ఇంకా పని రాలేదనుకుంటారు, అంతే. పెళ్లయినామె, ఇంట్లో కూర్చుంటుంది. అటు తూకంలో పడ్డది ఇంతే. ఇటు తూకంలో ఆ పిల్ల అయిదేళ్లు నేర్చుకున్నది. ముప్పై ఏళ్లలో గిరాకీ ముందు నా తప్పు నేను ఒప్పుకున్నది లేదు.

"సార్, ఆమెను అనకుండ్రి," అన్నాను. "ముట్టొద్దని చెప్పి పోయింది. నేనే దసరా పూజకని ఇప్పి, మొత్తం కడిగిన. చేపలను బతికిచ్చే పురుగులను నేనే తోమి పారబోసిన. పొద్దున ఈమె అడిగితే కూడ కరెంటు పోయిందని అబద్ధం చెప్పిన. రెండు గంటలు ఆలస్యం అయింది. చేప నా పాపాన పోయింది."

"నేను గూడ తోమిన సారూ," అన్నాడు బక్కయ్య.

దివాకర్ నా వైపు తిరిగాడు. "ఎన్ని మోటార్లు కొన్న అన్నా నీ కాడ? ఇప్పటిదాక ఒక్కటన్న నీ తప్పు వల్ల కాలలేదు. అన్నీ కరెంటే కాల్చింది."

"కొన్ని కరెంటే కాల్చింది సార్," అన్నాను.

అతనికి నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. గోనె మళ్లీ చుట్టాడు. "ఇగ ఈ షెడ్ల నీ చెయ్యి పడొద్దన్నా. చేపల సంగతి ఈమె చూస్కుంటది. ఫోన్ కూడ ఈమెకే చేస్త. క్రషరు మోటార్లు నేను వేరే కాడ అడిగి చూస్త, అనుకోకు." అనుకోలేదు. నేనైనా అదే చేసేవాణ్ని.

మూడు రోజులు నిరోష అక్కడే ఉంది. మా ఇంటావిడ భాగ్యలక్ష్మి బువ్వ కట్టిస్తే సతీశ్ తీసుకుపోయేవాడు. నేను షెడ్డు బయట బక్కయ్య మంచం మీద కూర్చుని వచ్చేవాణ్ని. నాలుగో రోజు చుక్కలు లేత ఆకుపచ్చకు వచ్చాయి. ఆ తర్వాత ఆమె రోజూ పోయి చూసి వచ్చేది. తొమ్మిదో రోజు పసుపుపచ్చ. రెండు చేపలూ రొయ్యలు తిన్నాయి.

ఆ సాయంత్రం ఆమెను కారులో ఇంటికి తీసుకొస్తున్నాను.

"దీపావళి దాక మూడూ ఉండాలన్నరు మామా," అంది నిరోష. "రెండే ఉన్నయ్. నేను అడగ."

"షరతు నీ పని మీద పెట్టిన. నా పని మీద గాదు. నీ షరతు ఒకటి ఉండె, అది నేను తప్పిన. కుడిదిక్కు నీదే. రేపటి సంది సర్దుకో."

అడగనన్న మనిషి బేరం మొదలుపెట్టింది.

"కుడిదిక్కు వద్దు మామా. ఎడమదిక్కు కావాలె. మోరి అటే ఉన్నది. చేపల నీళ్లు దినాం పారబొయ్యాలె గద."

ఎడమ దిక్కు నా గల్లా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా, వాస్తు చూపించి పెట్టిన చోట, నైరుతి మూలకు వీపు పెట్టి అక్కడే కూర్చుంటున్నాను. కుడి దిక్కుకు మోరి తవ్వాలంటే సిమెంటు రోడ్డు కోయాలి, మున్సిపాలిటీ పర్మిషన్ తేవాలి. ఈ లెక్క ఆమె ఎప్పుడో వేసుకుని పెట్టుకుంది.

"గల్లా ఎక్కడ పెట్టుమంటవ్?"

"దర్వాజ పక్కన. వచ్చినోళ్లు ముందుగాల మీకే కనబడ్తరు."

మర్నాడు పొద్దున సతీశ్‌నూ ఇంకో మనిషినీ పెట్టి గల్లా జరిపించాను. కింద నేల నాలుగు పలకల మేర కొత్తగా, తెల్లగా బయటపడింది. నిరోష టేపు తీసుకుని ఆ చోటే మొదటి తొట్టికి కొలత వేసింది.